రుచి తెలిసినవాడు

"ఫ్యాన్ ఆపండి. కిటికీలు మూసేయండి. గాలి ఆడకూడదు," అన్నాడు టేస్టరు.

ప్రూఫ్ రీడర్‌కి అప్పటికే గాలి ఆడటం లేదు.

టేబుల్ మీద ఆ సీసా ఉంది. అమెరికా విస్కీ. మొత్తం మూడొందల సీసాలే తీసి ఆపేశారట. లేబుల్ మీద చేత్తో రాసిన నంబరు నూట పదిహేడు. సీసా భార్య అన్నగారిది. ఆయన ఓడ కెప్టెన్. రెండేళ్ల కిందట మూత తీసి ఒక్క పెగ్గు తాగి, మిగతాది జాగ్రత్త చేయమని ఈ ఇంట్లో పెట్టి సముద్రం మీదికి వెళ్లాడు.

"తాగుడు మానేసినవాడి ఇల్లు. ఇంతకంటే భద్రమైన చోటు నాకెక్కడ దొరుకుతుంది బావగారూ?" అన్నాడు అప్పట్లో.

మానేసిన మాట నిజమే. అంతకు నెల ముందే పాప నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు ప్రూఫ్ రీడర్. భార్య కేకలేయలేదు, ఏడవలేదు. "ఇంకొక్క చుక్క తాగారని తెలిసిందా, పాపని తీసుకుని అన్నయ్య ఇంటికి పోతాను. మళ్లీ రాను," అంది. అన్నంత పనీ చేసే మనిషి.

ఒట్టు సరిగ్గా నలభై రోజులు నిలిచింది.

నలభై ఒకటో రోజు ఆదివారం. భార్య పాపని ఈతకి తీసుకెళ్లింది. ప్రూఫ్ రీడర్ సీసా మూత తీశాడు. వాసన మాత్రమే చూద్దామనుకున్నాడు. ఆ తర్వాత ఒక్క చెంచా అనుకున్నాడు. నాలుక మీద పడగానే కళ్లు మూతలు పడ్డాయి. కాలిన చక్కెర, పాత చెక్కపెట్టె, ఎక్కడో దూరంగా నారింజ తొక్క. రోజంతా ఇతరుల తప్పులు దిద్దే మనిషికి ఒక్క తప్పూ లేని పేజీ దొరికినట్టయింది.

పాపకి ప్రతి ఆదివారమూ ఈత ఉంది. తగ్గినంత మేరా 'ఎర్రమూత' పోసి సరిపెట్టేవాడు. ఎర్రమూత అంటే వీధి చివరి కొట్లో దొరికే చవకరకం. పదిహేనేళ్లు తను తాగింది అదే. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా కనిపించింది. "ఈ మురుగునా ఇన్నేళ్లు తాగాను!" అని తనని తానే తిట్టుకునేవాడు.

రెండేళ్లలో ఎన్ని ఆదివారాలు! ఆ సీసాలో ఇంకా అమెరికా ఏమైనా మిగిలి ఉంటే అది లేబుల్ మీదే.

మొన్న కెప్టెన్ ఫోన్ చేశాడు. ఓ పెద్ద హోటల్ వాళ్లు పెగ్గుల లెక్కన అమ్ముకోవడానికి ఆ సీసా కొంటారట. మూత తీసిన సీసా కాబట్టి తమ మనిషి రుచి చూడందే ధర కట్టరట. చెయ్యి జారినట్టు సీసాని కింద పడేద్దామని ప్రూఫ్ రీడర్ వెతికేసరికి, భార్య దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేసింది.

టేస్టరు బక్కపలచని మనిషి. గ్లాసులో బొటనవేలి మందాన పోశాడు. తిప్పాడు. ముక్కు పెట్టాడు. నోట్లో పోసుకుని పుక్కిలించి మగ్గులో ఉమ్మేశాడు.

ప్రూఫ్ రీడర్ లేచాడు. "పాలు అయిపోయాయి, అలా వెళ్లి తెస్తా..."

"కూర్చోండి బావగారూ," అంటూ కెప్టెన్ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి లంగరంత బరువుంది. "ఇంతకాలం కాపలా కాసింది మీరు. మీరు లేకపోతే ఎలా?"

భార్య వంటింటి గుమ్మంలో నిలబడింది. పాప ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. ఆమె సీసా వైపు చూడటం లేదు. మొగుడి వైపే చూస్తోంది.

టేస్టరు నాలుగు నీటిచుక్కలు కలిపి ఇంకో గుక్క తీసుకున్నాడు. అదీ ఉమ్మేశాడు.

"ఈ రెండేళ్లూ ఇది ఎవరి దగ్గరుంది?"

కెప్టెన్ వేలు చూపించాడు. టేస్టరు తలెత్తి ప్రూఫ్ రీడర్‌ని ఎగాదిగా చూశాడు.

ప్రూఫ్ రీడర్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక్కసారి లేచి పాపని దగ్గరికి తీసుకోవాలనిపించింది. సాయంత్రానికి ఈ ఇంట్లో తనొక్కడే మిగులుతాడు.

"చాలా బాగా దాచారు," అన్నాడు టేస్టరు. "ఎండ తగల్లేదు, గాలి తగల్లేదు. నూటికి నూరుపాళ్లు అసలు సరుకు. ఒక్క పెగ్గు ఓ గుమాస్తా నెలజీతానికి పోతుంది."

ప్రూఫ్ రీడర్‌కి ముందు ఆ మాట అర్థం కాలేదు. తర్వాత ప్రాణం లేచొచ్చింది. ఆ పైన నవ్వొచ్చింది, పంటి బిగువున ఆపుకున్నాడు. ఎర్రమూతని పట్టుకుని అసలు సరుకంటాడా! ఇలాంటివాడికి జీతమిచ్చి పోషిస్తున్నారా! ఈ గదిలో రుచి తెలిసినవాడు తనొక్కడే. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఒక్కటే బాధ.

కెప్టెన్ బావగారిని గట్టిగా కౌగిలించుకున్నాడు. సీసానీ టేస్టరునీ వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

భార్య తలుపు గడియ పెట్టింది. పాపని లోపలికి పంపింది. కిటికీలు మాత్రం తెరవలేదు.

"ఏంటండీ, అంత నవ్వొస్తోంది?"

"ఏం లేదే. పెద్ద తెలిసినవాడిలా వచ్చాడు గానీ, వాడి మొహం, వాడికేం తెలుసు..." అనబోయి చటుక్కున నోరు మూసుకున్నాడు.

"ఆయనకి తెలుసు," అంది ఆమె నెమ్మదిగా. "అన్నయ్య సీసా ఇచ్చివెళ్లిన రోజే అసలుది వేరే సీసాలోకి వంపి దాచేసి, మొన్న మళ్లీ అన్నయ్య సీసాలోనే పోసిపెట్టాను, ఈ రెండేళ్లూ మీరు తాగిందీ ఎర్రమూతే, పోసిందీ ఎర్రమూతే."