ఏ గన్ను కొనాలి?

"పైన గిన్నె ఉన్నదా, కింద డబ్బా ఉన్నదా? ఏదో ఒకటి తేల్చండి బాబూ" అన్నాడు రంగుల కొట్టు యజమాని.

కళ్ళజోళ్ళాయన రెండు స్ప్రే గన్నులూ రెండు చేతుల్లో పట్టుకుని మార్చి మార్చి తూచి చూశాడు.

ఆయన కళ్ళజోళ్ళ దుకాణం అదే బజారు చివర ఉంది. వచ్చినవాళ్ళకి అరలోని ఫ్రేములన్నీ పెట్టి చూస్తేగానీ ఆయనకి తృప్తి ఉండదు. ఇంట్లోకి చీపురు కొనాలన్నా నాలుగు కొట్లు తిరుగుతాడు. ఫ్యాను ఎంచడానికి ఓ వేసవంతా పట్టింది. అది ఇంటికొచ్చేసరికి వానలు మొదలయ్యాయి. అందుకే కారుకి రంగు మార్పిద్దామని భార్య అన్నప్పుడల్లా, గ్యారేజీకి ఎందుకు దండగ, నేనే వేస్తానని ఆయన అనడం, మీరు గన్ను ఎంచేలోపు అది తుప్పుపట్టి మట్టిలో కలుస్తుందని ఆవిడ అనడం మామూలైపోయింది.

ఆవిడ కోరికలో న్యాయం లేకపోలేదు. కారు తెల్లది. ఊళ్ళో సగం కార్లు అదే కంపెనీ, అదే తెలుపు. ఓసారి ఎవరి కారు తలుపులోనో తాళంచెవి పెట్టి తిప్పి, నలుగురిలో నవ్వులపాలైంది. నీలం రంగైతే ఆ బెడద ఉండదు. పైగా కారు నడిపేది ఆవిడే. ఈయనకి డ్రైవింగు రాదు, కారు నంబరు కూడా గుర్తుండదు. దుకాణానికి నడిచే వెళ్తాడు, నడిచే వస్తాడు.

ఇప్పుడావిడ ఊళ్ళో లేదు. అక్కగారికి మోకాలి ఆపరేషనైతే, ఈయన దుకాణంలో ఉండగానే సాయానికి బయలుదేరి వెళ్ళింది. ఈసారి ఆరునూరైనా సరే, ఆవిడ తిరిగొచ్చేసరికి కారు నీలంగా నిగనిగలాడాలని, తన మాట నీటిమీద రాత కాదని చూపించాలని ఈయన పట్టుదల.

కొట్టు యజమానికి ఓపిక నశించింది.

"చెయ్యి కుదరకపోతే ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి? ఇంట్లో వాడే చిన్న కంప్రెసరుకి పైగిన్నె గన్నే మేలు. తక్కువ గాలితో నడుస్తుంది, గిన్నెలో చివరి చుక్కదాకా దిగుతుంది. తీసుకెళ్ళండి."

తీసుకున్నాడు. సగం దూరం వెళ్ళాక అనుమానమొచ్చి, వెనక్కి వచ్చి కిందడబ్బాది పుచ్చుకున్నాడు. దుకాణం తలుపు తీస్తుండగా మళ్ళీ అనుమానమొచ్చి పైగిన్నెదే తెచ్చుకున్నాడు. కంప్రెసరు అద్దెకిచ్చి, ఇక ఈ రోజుకి మా కొట్టు మూసేశామని చెప్పి పంపించాడు యజమాని.

ముందు అట్టపెట్టెల మీద సాధన చేశాడు. దగ్గరగా పెడితే రంగు ధారలు కట్టింది. దూరంగా పెడితే నారింజ తొక్కలా గరుకు తేలింది. యజమానికి ఫోన్ చేస్తే, జానెడు దూరంలో పెట్టి చెయ్యి ఆపకుండా నడపమన్నాడు. అట్టపెట్టెలు అయిపోయాక పాత ఇనప బీరువా నీలమైంది, తర్వాత నీళ్ళ డ్రమ్ము, ఆ తర్వాత ఆయన చెప్పులు. డ్రమ్ము మాత్రం అద్దంలా వచ్చింది.

రోజూ సాయంత్రం భార్య ఫోన్ చేసేది. ఈసారి ప్రయాణం బడలికే తెలియలేదంది. బీరువాలో పట్టుచీర మడత మార్చమంది. నీలం బీరువాలోదేనా అని నోటిదాకా వచ్చిన మాటని ఆయన దగ్గుతో మింగేశాడు.

శనివారం దుకాణానికి సెలవు పెట్టాడు. మేడమీద వాటాలో ఉండే లెక్కల మాస్టారి కుటుంబం రైలెక్కి విహారయాత్రకి వెళ్ళింది కాబట్టి, వాసనని సణిగేవాళ్ళూ లేరు. రెండు వాటాలకీ ఒకటే షెడ్డు, అందులో కారుకి కవరు కప్పి ఉంది. ఎన్నడూ కప్పని మనిషి ఊరెళ్తూ ఎంత జాగ్రత్త చేసిందో అని ముచ్చటపడ్డాడు. వెనక అద్దం మీద చిలక బొమ్మ స్టిక్కరొకటి కనిపించింది. ఎప్పుడంటించిందో, తనకి చెప్పనే లేదు.

యజమాని చెప్పినట్టే అద్దాలకీ, దీపాలకీ, చక్రాలకీ, నంబరు ప్లేట్లకీ కాగితాలు అంటించాడు. గరుకు కాగితంతో ఒళ్ళంతా రుద్దాడు, కడిగాడు, ఆరబెట్టాడు. తర్వాత గన్ను పట్టాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఒక పూత ఆరాక ఇంకో పూత, దాని మీద మెరుపు పూత. ఎక్కడా ధార కట్టలేదు, గరుకు తేలలేదు. సంతోషంతో ఆయన గుండె నిండిపోయింది. పెళ్ళినాడు కూడా ఇంత సంబరపడలేదనిపించింది. ఆ మాట భార్య దగ్గర అనకూడదని వెంటనే నిశ్చయించుకున్నాడు.

ఆదివారం సాయంత్రానికి ఆవిడ వస్తుంది. అద్దాల కాగితాలు ఆవిడ చేతే పీకించాలని అలాగే ఉంచాడు. చూసి పోదామని రంగుల కొట్టు యజమాని కూడా వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు, వేలితో తడిమాడు.

"గ్యారేజీ వాళ్ళు చూస్తే మిమ్మల్ని ఎత్తుకుపోతారు" అన్నాడు.

కళ్ళజోళ్ళాయన మీసం సవరించుకుని, ఎప్పటిలా స్టేషను నుంచి వచ్చే ఆటో కోసం గేటు దగ్గర నిలబడ్డాడు.

అంతలో ఓ తెల్ల కారు వచ్చి గేటు ముందు ఆగింది, స్టీరింగు దగ్గర్నుంచి భార్య తల బయటపెట్టి షెడ్డు వైపు చూస్తూ, "మేడమీద మాస్టారి కారుకి ఈ రంగు భలే కుదిరిందండీ, మనదానికీ ఇదే వేద్దురుగాని" అంది.