బాదంపప్పుల పొట్లం

“నిజం చెప్పండి అమలమ్మగారూ. పప్పులు రోజూ తింటున్నారా, లేదా?”

రాజేశ్వరి మేడం గొంతులో విసుగు వినగానే, లోపల చదువుకుంటున్న ఫిలోమినా గుమ్మంలోకి వచ్చింది.

“ఖాళీ పొట్లాలు మీకే ఇస్తున్నాగా తల్లీ!” అంది అమలమ్మ, కూతురి వైపు చూడకుండా.

మేడం కాలేజీలో పరిశోధన చేస్తోంది. లావుగా ఉన్నవాళ్ళు సాయంత్రం బజ్జీలు మానేసి బాదం, అక్రోటు పప్పులు తింటే రక్తంలో షుగరు, ఒంట్లో లోలోపల ఉండే వాపు తగ్గుతాయా అని చూస్తోంది. పేటలో లావుపాటి ఆడవాళ్ళకు చీటీలు తీసి, సగంమందికి పప్పుల పొట్లాలు ఇచ్చింది. మిగతావాళ్ళకు ఉత్త రక్తపరీక్షలే.

“మరి మీకు షుగరు కాస్త కూడా దిగలేదేం? పొట్లం రాని ఫౌజియాగారే నయం. బాగా దిగింది.”

“దిగిందా!” అమలమ్మ మొహం వెలిగిపోయింది. “పోన్లెండి. దాని పిల్లలింకా పసివాళ్ళు.”

“ముందు మీ సంగతి చూసుకోండి. ఈసారీ ఇలాగే ఉంటే ఇన్సులిన్ సూదులు మొదలుపెడతానన్నారు డాక్టరుగారు. చాటుగా స్వీట్లేమైనా లాగిస్తున్నారా?”

“అయ్యో, మేరీమాత మీద ఒట్టు!”

మేడం వెళ్ళిపోయింది. ఫిలోమినాకు కాలు నిలవలేదు. వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ తీసి చూసింది. బెల్లం ముక్క కూడా దొరకలేదు.

“ఏం వెతుకుతున్నావే?”

“అమ్మా, అమ్మమ్మకి కాలు తీసేసింది ఈ జబ్బుకే. మర్చిపోయావా?”

“మర్చిపోలేదు. నువ్వెళ్ళి చదువుకో. టెన్త్ రాసేది నువ్వా, నేనా?”

పుస్తకం ముందు కూర్చుంది గానీ ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు. సాయంత్రం కాగానే అమలమ్మ కొంగు భుజం నిండా కప్పుకుని బయల్దేరింది.

“ఎక్కడికమ్మా?”

“ఫౌజియా దగ్గరికి. జాకెట్టు కుట్టిందేమో చూసొస్తా.”

“నిన్న కూడా జాకెట్టే అన్నావు!”

“నిన్న హుక్కులు వెయ్యలేదే! నాకు అత్తగారివా ఏంటి నువ్వు?”

ఫిలోమినాకు అప్పుడు తట్టింది. ఫౌజియా ఆంటీ మిషను కుడుతుంది, కానీ పేటలో ఆవిడ పేరు చెబితే గుర్తొచ్చేది పల్లీపట్టీ. పాకం ముదరబెట్టి, నెయ్యి రాసి చేస్తుంది. ఒక ముక్కతో ఎవరూ ఆగరు. రోజూ అక్కడికి ఎందుకు వెళ్తున్నట్టు?

పుష్కరాలకు వేసిన కొత్త సిమెంటు రోడ్డు మీద చెప్పులు లేకుండానే పరుగెత్తింది. ఫౌజియా ఇంటి ముందు ఆగింది. లోపల మిషను చప్పుడు లేదు. కరకరా నములుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాత మీద ఒట్టు కూడా వేసింది! రేపే మేడంకి చెప్పేయాలి. మొహమాటం పక్కనపెట్టి, ఒక్క విసురున కర్టెను తీసింది.

అమలమ్మ ఒళ్ళో బాదంపప్పుల పొట్లం విప్పి ఉంది.

నములుతున్నది ఫౌజియా.