మంగాయమ్మ రక్తం

త్రినాథరావు మెస్‌లో తొమ్మిదో మనిషికి కళ్లు పచ్చబడ్డాయి.

తొమ్మిదిమందీ రైల్వేలో కొత్తగా చేరిన బ్రహ్మచారులే. బిలాస్‌పూర్‌లో పప్పూ పచ్చడీ దొరికే చోటు వెతుక్కుంటూ వచ్చి ఈ మెస్‌లో చేరినవాళ్లు. పదిహేను రోజుల్లో ఒకరి వెనక ఒకరు మంచమెక్కారు. ఎవరి పుణ్యమో త్రినాథరావుకి అనుమానం లేదు. వంటమనిషి మంగాయమ్మ.

ఆయన ముప్పై ఏళ్లు గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ప్రతి వేగన్ సీలూ చేత్తో తడిమి చూస్తే గాని పచ్చజెండా ఊపేవాడు కాదు. ఉద్యోగం పోయింది గాని ఆ బుద్ధి పోలేదు.

మంగాయమ్మ మీద ఆయనకి అనుమానం నెలన్నర కిందట, శ్రావణంలోనే పడింది. అప్పుడొక వారంపాటు ఆమె వండిన అన్నం చూస్తేనే కడుపులో తిప్పేది. ప్రాణంలా చూసుకునే సిగరెట్టు కూడా గడ్డిలా ఉండేది. మంచి నూనె దాచేసి మక్కిన నూనె పోస్తోందని తేల్చేశాడు.

ఆ రోజునుంచే వంటింట్లో తనిఖీ మొదలైంది. కుర్రాళ్లు పీటల మీద కూర్చునేలోపు ప్రతి మూతా తీసేవాడు. నూనె వాసన చూసేవాడు. పెరుగు తోడుకుందో లేదో వేలు పెట్టి చూసేవాడు. నీళ్ల కుండ అడుగున మడ్డి ఉందేమోనని తడిమేవాడు.

"సెయ్యి ముంచీకండి బాబూ. గరిటితో ఏస్తాను కదా" అని మంగాయమ్మ నసిగేది.

"సూస్తే నీకేటే బాధ? ఏటి దాసావు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకునేవాడు. పైగా ఆమె రోజూ తెల్లవారుజామున పెరట్లో చాటుగా నేల ఉసిరి పసరు తాగడం కళ్లారా చూశాడు. అది కామెర్ల మందు. జబ్బు లేనివాళ్లకి మందెందుకు?

తొమ్మిదో కుర్రాణ్ణి చూడటానికి వచ్చిన డాక్టర్ ఝాన్సీకి ఈ పసరు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"ఇవి తిండితో, నీళ్లతో వచ్చే కామెర్లు" అంది ఆమె. "కొందరికి కళ్లు పచ్చబడకుండానే వచ్చిపోతాయి. అలాంటివాళ్లనుంచి కూడా పక్కవాళ్లకి అంటుతాయి."

"అదీ సంగతి!" త్రినాథరావు మంగాయమ్మకేసి వేలు చూపించాడు. "సూడండి దీన్ని, గుండ్రాయిలాగుంది."

"వంటింట్లోకి వెళ్లే ముగ్గురి రక్తమూ తీస్తాను. మీది కూడా."

"తియ్యండి. నిప్పుకి సెదలేటి?"

మంగాయమ్మది, అంట్లు తోమే చిన్నమ్మిది, త్రినాథరావుది మూడు సీసాలు కలకత్తా ల్యాబుకి వెళ్లాయి. రిపోర్టు రాగానే బండెక్కిస్తానని, ఆ సాయంత్రమే మంగాయమ్మని పెట్టె సర్దిపెట్టుకోమన్నాడు. ఆమెకి ఎవరూ లేరు. మెస్ వెనక గదే ఇల్లు. పెట్టె సర్దుతూ ఆమె ఏడుస్తుంటే, తప్పు చేసిన ఏడుపే అది అనుకున్నాడు.

పది రోజులకి రిపోర్టులు వచ్చాయి. ఝాన్సీ మెస్‌లోనే కూర్చుని కవరు విప్పింది. మంగాయమ్మ పెట్టె పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"మంగాయమ్మ గారి రక్తంలో కామెర్ల యాంటీబాడీలు ఉన్నాయి" అంది డాక్టరు.

"అచ్ఛా! నేను సెప్పలేదేటి?" త్రినాథరావు కుర్చీలోంచి లేచాడు. "నడువే, బండికి టైమవుతోంది!"

"కూర్చోండి. అవి పాతవి. ఎప్పుడో వచ్చి తగ్గిన జబ్బుకి గుర్తులు."

"పలాసలో, నా పదో ఏట వొచ్చింది తల్లీ" అంది మంగాయమ్మ. "అప్పట్నించి బయానికి పసరు మానలేదు."

"మీకిక కామెర్లు రావు. మీవల్ల ఎవరికీ రాలేదు కూడా. నేను వెతుకుతున్నది ఐజీఎం అని ఇంకో రకం యాంటీబాడీ. ఈ రెండు మూడు నెలల్లో జబ్బు తగిలినవాళ్లకే అది ఉంటుంది."

"అయితే ఆ చిన్నమ్మే! దాని వాలకం నాకు మొదట్నించీ నచ్చలేదు."

"ఆమెవీ పాతవే."

ఝాన్సీ మూడో కాగితాన్ని రెండుసార్లు చదివి, మడతపెట్టి, "ఈమధ్య ఎప్పుడైనా ఓ వారం రోజులు మీకు అన్నం సయించక, సిగరెట్టు కూడా వెగటుగా అనిపించిందా, త్రినాథరావు గారూ?" అని అడిగింది.