బుడగ రాని టైరు

"ఒక్క బుడగ కూడా రాలేదమ్మా," అంటూ జీవన్ కుమార్ మగ్గు కింద పెట్టాడు. సబ్బు నీళ్లు కారు వెనక టైరు మీదుగా జారి మట్టిలో ఇంకిపోయాయి.

"ఎట్ల వస్తాది నాయనా? బొక్క టైరుకుంటే గదా!" అంది పుష్పమ్మ, పక్కింటి వైపు చూస్తూ. "మనుషుల బుద్ధికుంది బొక్క."

పక్కిల్లు ఆమె మరిది పేతురుది. గోడ దగ్గర తగువొచ్చి రెండేళ్లయింది. చర్చిలో ఎదురుపడినా మాటల్లేవు.

"చిన్నాయన ఎందుకు తీస్తాడమ్మా గాలి?"

"మేకు దిగుంటే రోజూ దిగిపోవాల. వారంలో రెండు దినాలు చప్పబడేదేంది, మిగతా దినాలు రాయి మాదిరి ఉండేదేంది? మనిషి చెయ్యి పడకుండా అట్ల జరగతాదా?"

"నిన్న ఆయన ఊళ్లోనే లేడు. మొన్ననే పెద్దారవీడుకు పనికి పోయినాడు. అయినా నిన్న పొద్దున టైరు దిగే ఉంది."

"పోతా పోతా తీసి పోయుంటాడు!"

జీవన్ నవ్వబోయి ఆగాడు. "సర్లే, మార్కాపురంలో చూపించుకొస్తా."

"పూట పడతాది. ఈలోపల పిల్లకు నొప్పులొస్తే ట్రాక్టరెక్కిస్తావా?"

లోపల జీవన్ భార్య ఝాన్సీ పక్కకు తిరగలేక మూలిగింది. నెలలు నిండాయి. వేళకు బండి దొరక్క తొలికాన్పు బిడ్డ దారిలోనే పోయింది. అందుకే జీవన్ ఈ పాత కారు కొన్నాడు.

"ఈసారీ దావలోనే కూలబడాలని ఆయన ఆశ," అంది పుష్పమ్మ. "పట్టుకుంటా. చర్చి ముందర నిలబెడతా."

మర్నాడు తెల్లవారకముందే ఆమె నీళ్ల డ్రమ్ము చాటున కూర్చుంది. కోళ్లు కూసే వేళకు గేటు కిర్రుమంది. తువ్వాలు కప్పుకున్న ఆకారమొకటి వచ్చి టైరు మీదికి వంగింది. వాల్వు మూత తిప్పిన చప్పుడు. ఆ వెంటనే సుయ్‌మని గాలి.

"దొరికినాడు! జీవనూ, రారా!"

జీవన్ పరుగున వచ్చి వెనక నుంచి భుజాలు పట్టుకున్నాడు. పేతురే. విదిలించుకోలేదు, తల కూడా తిప్పలేదు.

"మన ఉప్పు బోరు నీళ్లల్లో సబ్బు ఎన్నడన్నా నురగ కట్టిందంట్రా, నీకు బుడగ కనపడనీకి? రిమ్ము కాడ సన్నగా కారతాంది గాలి."

"అబద్ధం!" పుష్పమ్మ ఊగిపోయింది. "కారతా ఉంటే తక్కిన దినాలు టైరు ఎట్ల నిలిచింది?"

సెల్‌ఫోన్ లైటు అతని చేతుల మీద వేసింది.

ఆ చేతుల్లో గాలి కొట్టే పంపు ఉంది.