చెయ్యి ఎరిగిన చోటు

"టేబుల్ గీసే బటన్ ఏదమ్మాయ్?" టైపిస్టు కుర్చీ వెనక నిలబడి అడిగాడు టైపింగ్ షాపు యజమాని.

"నిన్నటిదాకా ఇక్కడే ఉంది బాబాయ్. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయించారుగా! కొత్త కోడలు వంటింట్లో డబ్బాలు సర్దినట్టుంది."

బెంచీ నిండా జనం. అందరికీ రెండింటికల్లా కాగితాలు కావాలి.

పందొమ్మిదేళ్లుగా ఆమె వేగమే ఆ షాపుకి బోర్డు. ఈ పూట మాత్రం ఒక్కో బటన్ కోసం తెరంతా గాలిస్తోంది.

యజమాని పక్కా వ్యాపారి. పందొమ్మిదేళ్ల చేతిని ఒక్క పూట పనితో తూచేశాడు.

"రెండింటికి ఇవి తెమలకపోతే, రేపటినుంచి ఆ కుర్చీలోకి ఇంకొకర్ని చూసుకుంటా."

ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ మౌస్ పట్టుకుంది.

బెంచీ చివర ఒక ముసలాయన తన వంతు పక్కవాళ్లకిచ్చేసి ఆమె వంకే చూస్తున్నాడు.

"మీకేం కావాలి పెద్దాయనా?" అడిగాడు యజమాని.

"ఒక్క పేజీ. తొందరేం లేదు. ఆవిడ చెయ్యి చూస్తున్నా."

"చెయ్యి చూడ్డానికి ఇదేమన్నా జోస్యం చెప్పే కొట్టా?"

బెంచీ అంతా నవ్వింది.

ముసలాయన లేచి ఆమె పక్కకి వెళ్లాడు.

"నీ చెయ్యి సరైన చోటికే వెళ్తోందమ్మా. బటనే తప్పు చోట కూర్చుంది."

మౌస్ అందుకుని ఎక్కడో లోపల రెండు నొక్కులు నొక్కాడు. పాత మెనూ ప్రత్యక్షమైంది.

"ఏయ్! అడక్కుండా మిషన్ ముట్టుకుంటారా? పాడైతే పూచీ ఎవరిది? నడవండి బయటికి!" యజమాని కసిరాడు.

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆమె వేళ్లు పరుగందుకున్నాయి. రెండింటికి ఇరవై నిమిషాల ముందే ఆఖరి కాగితం బయటికొచ్చింది.

"చూశారా, మా అమ్మాయి చెయ్యి!" యజమాని మీసం దువ్వాడు. "ఆ కుర్చీ ఆమెది కాక ఇంకెవరిది?"

"పొద్దున వేరే మాట విన్నట్టున్నానే బాబాయ్!"

అయినా ఎందుకైనా మంచిదని అతను సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఎవరో ముసలాయన ఏదో నొక్కి పాత మెనూ తెచ్చాడమ్మా. ప్రమాదమేం లేదుగా?"

అటువైపు అమ్మాయి ఆత్రంగా అడిగింది.

"ఆయన అక్కడే ఉన్నారాండీ? ఒక్కసారి ఫోన్ ఇస్తారా?"

"బయటికి పంపించేశాను. ఎందుకు?"

"పాత మెనూ తెచ్చే ఆ మీట సంగతి మేమింకా ఎవరికీ చెప్పలేదండీ." ఆమె గొంతు గర్వంగా పలికింది. "అలవాటైన చేతులు దారి తప్పకూడదని పట్టుబట్టి దాన్ని పెట్టించింది మా గురువుగారు. ముప్పై ఏళ్ల కిందట మీలాంటి షాపుల్లో కూర్చుని, టైపు చేసేవాళ్ల చేతులు చూసి చూసి ఆ మెనూని మొదట గీసింది కూడా ఆయనే."