గడ్డిపరక లేని తోట

"ఆ పొద కింద గడ్డినన్నా ఉంచవయ్యా, మేకకి పనికొస్తుంది" అంది ముసలామె, మొగుడి పారకి అడ్డం పడుతూ.

"తప్పుకో. మేక కడుపు చూసుకుంటే మన గుడిసె పోతుంది" అన్నాడు ముసలాయన.

గుడిసె మాట నిజమే. పూత పూసిన దగ్గర్నుంచీ వెదురు తోట మొత్తం ఒక్కుమ్మడిగా ఎండిపోతూ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఈ తోటని కనిపెట్టుకుని ఉన్న ముసలాయన వెదురు పూయడం చూసింది ఇదే మొదటిసారి. పచ్చటి వెదురు ఒక్కటి కనిపించినా తోట ఉంచుతాననీ, లేదంటే మర్నాడే మిషన్లు పెట్టించి నేల చదును చేయిస్తాననీ ఆసామి చెప్పిన గడువు ఇవాళే. తోటతో పాటు అందులోని గుడిసె కూడా పోతుంది. ఈ వయసులో వాళ్ళని పనిలో పెట్టుకునే పుణ్యాత్ముడెవడు?

అందుకే నెలరోజులుగా ఒళ్ళు హూనం చేసుకున్నాడు పాపం. ప్రతి పొద చుట్టూ నేల గుల్ల చేశాడు, మొదళ్ళకి మట్టి ఎగదోశాడు, తేమ ఆరకుండా ఎండాకులు కప్పాడు. ఇంతలో వానలు పడి, ఎన్నడూ చూడని గడ్డి ఒకటి తోటంతా దాపురించింది. పొదల బలమంతా ఇదే లాగేస్తోందని అతనికి కడుపు మండిపోయింది. ఆలుమగలిద్దరూ వంచిన నడుం ఎత్తకుండా వేళ్ళతో సహా పీకి, కుప్పలేసి తగలబెట్టారు. మిగిలింది ఈ ఒక్క పొద కిందదే.

అదీ పీకేశాడు. పెళ్ళాం ముఖం చూసి జాలేసిందేమో, దాన్ని మాత్రం తీసుకెళ్ళి మేక ముందు పడేశాడు.

ఆసామి చెప్పిన వేళకే వచ్చాడు. వెంట వెదురు సంగతి బాగా తెలిసిన నర్సరీ ఆయన్ని తీసుకొచ్చాడు. ఆయన పొదపొదకీ గునపం దింపి చూశాడు. ఎక్కడా పిలక లేదు, దుంపలో తడి లేదు. ముసలాయన ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"నా వల్ల లోటేం లేదయ్యా. తోటంతా వెతకండి, ఒక్క గడ్డిపరక దొరకదు."

"కనబడుతూనే ఉంది, అద్దంలా ఉంచావు" అన్నాడు నర్సరీ ఆయన దిగులుగా. "పూసిన వెదురు ఎవరేం చేసినా బతకదు పెద్దాయనా. కానీ దాని గింజలు రాలి, వానకి మొలిచి, ఈపాటికి కొత్త వెదురు తోటంతా పరుచుకోవాలి. ఒక్కటీ ఎందుకు లేదో అర్థం కావడం లేదు."

"ఎలా ఉంటాయయ్యా అవి?" అని అడిగింది ముసలామె.

"మొలకప్పుడు అచ్చం గడ్డిలాగే ఉంటాయమ్మా. నాలుగు చూపించు చాలు, మిషన్లు ఆపిస్తాను."

ముసలాయన గుడిసె వైపు పరుగెత్తాడు. మేక ఉత్త నేల వాసన చూసి, ఇంకా కావాలన్నట్టు అతని చెయ్యి నాకింది.