పారాచూట్ మనిషి

"ఎవరా కిటికీ తీసింది?"

పంది మాంసం పళ్ళెం బల్ల మీద పెడుతూ రాడోయ్‌కా కేక వేసింది.

"నేనేనమ్మా," అన్నాడు గోడవారన కూర్చున్న బూడిదరంగు సూటు ఆయన.

అటు తలుపు, ఇటు కిటికీ, మధ్యలో రివ్వుమని గాలి. పాములకి భయపడని వాళ్ళుంటారేమో గానీ, ఆ సెర్బియా ఊళ్ళో ఎదురుగాలికి భయపడని వాళ్ళు లేరు. మెడ పట్టేస్తుంది, చెవి పోటొస్తుంది, పసిపిల్లలకైతే ప్రాణం మీదికే వస్తుందని వాళ్ళ నమ్మకం.

రాడోయ్‌కా కిటికీ ధడాలున మూసి వంటింట్లోకి వెళ్ళింది.

"నెవెనా, ఆయన మీ పుట్టింటి వైపు వాడా?"

"కాదత్తయ్యా. మీ వైపనుకుంటున్నా."

"అయితే పారాచూట్ గాడన్నమాట! తిండి వాసన చూసి ఊడిపడ్డాడు."

పిలవని విందుకి వచ్చేవాళ్ళకి అక్కడ అదే పేరు. పిలవకుండా వచ్చే దేనికైనా రాడోయ్‌కా దగ్గర ఒక పేరు సిద్ధంగా ఉంటుంది. ఎండుగడ్డి ఆరేసిన రోజు పడే వానని పన్నుల ఆఫీసరు అంటుంది. పంటినొప్పిని వియ్యపురాలు అంటుంది, అదీ కోడలు వినేటట్టు.

కానీ ఆ రోజు ఆయన్ని పొమ్మనడానికి లేదు. సెయింట్ దిమిత్రి పండుగ. ఆ ఇంటిని కాచే దేవుడి రోజు. ఆ రోజు ఎవర్నీ పిలవరు, గుర్తున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. వచ్చినవాణ్ణి నువ్వెవరని అడగటం కూడా తప్పే.

ఆమె తిరిగొచ్చేసరికి కిటికీ మళ్ళీ తెరిచి ఉంది.

"ఏమయ్యా, నీకు ఒళ్ళు ఉడుకా?"

"అమ్మా, ఈ ఏడాది ఈ చలికాచే పొయ్యి వెలిగించటం ఇదే మొదలా?"

"అవును. మాకు కట్టెల్లేవనుకున్నావా?"

"అది కాదు. తుడిపించారా?"

"విన్నారా! నా ఇల్లు శుభ్రంగా లేదట! వారం నుంచీ నడుం విరిగేలా తుడిచానయ్యా!"

బల్ల చుట్టూ అందరూ ఘొల్లుమన్నారు. ఆయన ఇంకేదో చెప్పబోయాడు గానీ ఆ నవ్వుల్లో వినిపించలేదు.

"ఈసారి రాకియా సారా ఘాటుగా దించావురా మిలున్. రెండు గ్లాసులకే తల పగిలిపోతోంది," అన్నాడు బోజిదార్ మామ.

"రాకియా కాదు మామా, ఆ కిటికీ," అన్నాడు రాడోయ్‌కా కొడుకు మిలున్. అతనూ కణతలు నొక్కుకుంటున్నాడు.

రాడోయ్‌కా కిటికీ మూసి గడియ పెట్టింది.

పొయ్యి పక్కన ఊయలలో రెండు నెలల మనవడు వూకాన్ నిద్రపోతున్నాడు. రోజూ ఇల్లు ఎగరగొట్టే పిల్లాడు, ఇంత గోలలోనూ కన్ను తెరవలేదు.

"స్వామి మహిమ! చూశారా ఎంత బుద్ధిగా పడుకున్నాడో," అని మురిసిపోయింది.

ఆ మాటకి సూటు ఆయన లేచాడు. ఊయల మీదికి వంగి చూశాడు. మరుక్షణం పిల్లాణ్ణి ఎత్తుకుని పెరట్లోకి పరుగుతీశాడు.

"నా బిడ్డ!" అంటూ లేచిన నెవెనా కాళ్ళు తేలిపోయి కూలబడింది.

రాడోయ్‌కా తూలుతూ వెంటపడింది. పిల్లాణ్ణి లాక్కుంది. వాడి తల వాలిపోయి ఉంది.

చల్లగాలి మొహానికి కొట్టింది. వాడు ఉక్కిరిబిక్కిరై ఒకసారి దగ్గి, వీధంతా వినబడేలా ఏడుపు లంకించుకున్నాడు.

"ఇంత చలిలో పసివాణ్ణి బయటికి తెస్తావా? ముదనష్టపోడా, నడు నా గడప దిగి!"

"పోతానమ్మా. వాణ్ణి మాత్రం లోపలికి తీసుకెళ్ళకు. ఉన్నవాళ్ళందర్నీ బయటికి రమ్మను."

ఆమె వెనక్కి తిరిగింది. మిలున్ పెళ్ళాన్ని భుజాన వేసుకుని గోడ పట్టుకుని వస్తున్నాడు. వెనకాల బోజిదార్ మామ నాలుగు కాళ్ళ మీద పాకుతున్నాడు. రాడోయ్‌కా పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని గడపకి దూరంగా జరిగింది.

అరగంటకి డాక్టరమ్మ వచ్చి అందర్నీ చూసింది. ఎవరికీ ప్రమాదం లేదంది.

"పొయ్యిలోంచి విషవాయువు. రంగుండదు, వాసనుండదు. ఆ కిటికీ కాసేపైనా తెరిచి ఉంది కాబట్టి సరిపోయింది. ఇంకో పావుగంట లోపలే ఉంటే నేను కాదు, చర్చి ఫాదరు వచ్చేవాడు."

పిలవకుండా వచ్చిన ఈ సంతోషమనే చుట్టానికి మాత్రం రాడోయ్‌కా దగ్గర పేరు లేకపోయింది. దుప్పటి చాటున వూకాన్ చప్పుడు చేస్తూ పాలు తాగుతున్నాడు. ఆ చప్పుడు వింటూ ఆమె కట్టెల మోపు మీద కూలబడి ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఆమె జన్మలో అంత హాయిగా ఎప్పుడూ ఏడవలేదు.

"ఆయనేడిరా? నా చేత్తో వడ్డించాలి. కాళ్ళు పట్టుకోవాలి."

కంచె అవతలి నుంచి పక్కింటి జివానా తల ఎత్తింది.

"సూటు వేసుకున్నాయనా? నువ్వు తిట్టాక మీ ఇంటి కప్పెక్కాడు. గొట్టంలోంచి ఇంత కాకిగూడు పీకి పడేసి, మూడింటి బస్సుకి వెళ్ళిపోయాడు."

"నీకు తెలిసినవాడా?"

"మా ఇంటికే పండక్కి వస్తున్నాడే. మీ పొగ దారప్పోగులా వస్తోంది, ఒకసారి చూసొస్తానని మీ ఇంటికి తిరిగాడు. చివరికి బట్టలన్నీ మసైపోయాయని మా ఇంట్లోనూ కాలు పెట్టలేదు."

"ఇంతకీ ఎవరే ఆయన?"

"అదేంటే! పదిహేనేళ్ళ నుంచి మన వీధిలో పొగగొట్టాలు తుడిచే గోయ్‌కో."

ఆ మసి మొహం వీధి చివర కనబడితే చాలు, అదృష్టం ఎదురొచ్చిందని ఊరందరిలాగే కోటు గుండీ గట్టిగా పట్టుకుని మనసులో కోరిక కోరుకునే రాడోయ్‌కా, ఆ అదృష్టం ఒక్కరోజు మొహం కడుక్కుని తన గడప తొక్కితే గుర్తుపట్టలేకపోయింది.